జలియన్‌వాలాబాగ్ హింస: నివేదికలు పెట్టిన పేర్లు

1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో జనరల్ డయ్యర్ సైనికులు 1,650 తూటాలు పేల్చారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది మరణించారు. ఈ హింసను చెప్పడానికి నాటి అధికారులు, విచారణ సంఘం, పార్లమెంటు సభ్యులు ఎంచుకొన్న ఆంగ్ల పదబంధాలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

డయ్యర్ తన నివేదికలో వాడిన మాట 'మోరల్ ఎఫెక్ట్'. దీనిని 'నైతిక ప్రభావం' అని అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది. సైనిక పరిభాషలో 'మోరల్' నీతికి కాక మనోస్థైర్యానికి సంబంధించిన మాట. మైదానంలో ఉన్నవారిపైనే గాక పంజాబు అంతటా ఆ ప్రభావం పడాలన్నదే తన లక్ష్యమని ఆయన దాపరికం లేకుండా రాశాడు. కనుక దీనిని 'భయోత్పాతం' అనడమే సమంజసం.

హంటర్ సంఘంలోని అధికసంఖ్యాకులు హెచ్చరిక లేకుండా కాల్చడాన్ని విమర్శించి, కాల్పులను కొనసాగించడాన్ని 'గ్రేవ్ ఎర్రర్' అన్నారు. ఎంత తీవ్రమైనదైనా పొరపాటు పొరపాటే. అందులో ఉద్దేశానికి చోటు లేదు. సంఘంలోని భారతీయ సభ్యులు సెతల్వాద్, జగత్ నారాయణ్, సుల్తాన్ అహ్మద్ విడిగా నివేదిక ఇచ్చారు. వారు ఎత్తుకొన్న మాట 'ఫ్రైట్‌ఫుల్‌నెస్'. 1914లో బెల్జియంలో జర్మన్ సేనల అకృత్యాలకు ఆంగ్ల పత్రికలు స్థిరపరచిన పేరు అది. శత్రువుకు పెట్టిన పేరును బ్రిటిష్ సేనానికి అన్వయించడంలో ఎంతటి తెగువ ఉందో ఊహించవచ్చు. 1920 జులై 8న కామన్స్ సభలో మాంటెగు, చర్చిల్ కూడా అదే మాట వాడారు. అయినా పన్నెండు రోజుల తర్వాత ప్రభువుల సభ 129–86 ఓట్లతో డయ్యర్ పక్షం వహించింది.

అన్నిటికన్నా జుగుప్స కలిగించేది 'ఫ్యాన్సీ పనిష్‌మెంట్స్' అన్న పదబంధం. కసూరులో సైనికాధికారి జనంచేత తాడాట ఆడించాడు, నుదురు నేలకు తాకించాడు. ఇటువంటి శిక్షలకు విచారణ పత్రాలలో ఈ పేరే నిలిచింది. ఫ్యాన్సీ దుకాణం, ఫ్యాన్సీ నంబరు అనే మనకు ఈ ప్రయోగంలోని వెటకారం వెంటనే స్ఫురిస్తుంది.

తెలుగు పాఠ్యపుస్తకాలలో ఈ ఘటనకు వాడుకలో ఉన్న పేరు 'దురంతం'. చెడ్డ ముగింపు కలది అని వ్యుత్పత్తి. రైలు ప్రమాదానికీ పత్రికలు ఇదే మాట వాడుతున్నాయి. 'హత్యాకాండ' అంటే కనీసం చంపినవాడు ఒకడున్నాడని తెలుస్తుంది.