విచ్ఛిత్తి పదార్థాల నిషేధ ఒప్పందం: జెనీవాలో వీడని పీటముడి

అణుబాంబుకు కావలసిన ప్లుటోనియం, అధికంగా శుద్ధిచేసిన యురేనియంల ఉత్పత్తిని అన్ని దేశాలూ ఆపెయ్యాలన్నది ఈ ప్రతిపాదిత ఒప్పందం. దౌత్యవర్గాల్లో దీని పొట్టిపేరు ఎఫ్‌ఎంసీటీ. ఐరాస సర్వప్రతినిధి సభ 1993లోనే ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా దీన్ని కోరింది. ఆ తీర్మానాన్ని ప్రతిపాదించిన దేశాల్లో భారత్ ఒకటి. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు నాటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగినవారు, 1957 నుంచి 1977 దాకా మంథని శాసనసభ్యులు. అందువల్ల ఎక్కడో జెనీవాలో జరిగే ఈ వాదులాటలో ఉత్తర తెలంగాణకూ ఒక పుట ఉంది.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) లెక్క ప్రకారం 8 కిలోల ప్లుటోనియం, లేదా అధికశుద్ధి యురేనియంలో ఉండే 25 కిలోల యురేనియం-235 దారితప్పితే ఒక బాంబు తయారై ఉండవచ్చని భావించాలి. బాంబు నమూనా గీయడం కంటే ఈ సరుకు సంపాదించడమే కష్టం. కాబట్టి సరుకు దగ్గరే కట్టడి చెయ్యాలన్న ఆలోచన 1946 నాటి అమెరికా బరూక్ ప్రణాళిక నుంచీ ఉంది. 1988 జూన్‌లో రాజీవ్ గాంధీ ఐరాస ముందు పెట్టిన నిరాయుధీకరణ ప్రణాళికలోనూ ఉత్పత్తి నిలిపివేత ఒక మెట్టు.

1993 సెప్టెంబరు 27న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఈ ఒప్పందాన్ని ప్రతిపాదించారు. డిసెంబరు 16న సర్వప్రతినిధి సభ 48/75ఎల్ తీర్మానాన్ని ఆమోదించింది. ఒప్పందం వివక్ష లేనిదిగా, బహుళపక్షంగా, అంతర్జాతీయ తనిఖీకి వీలుగా ఉండాలని అందులో రాసుకున్నారు. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ) మాదిరిగా అయిదు అణ్వస్త్ర దేశాలకొక నీతి, మిగతావాళ్లకొక నీతి కాకుండా అందరికీ ఒకే కట్టుబాటు ఉండాలన్నది ఢిల్లీ ఎన్నాళ్లుగానో చెబుతున్న మాట. పీవీ ప్రభుత్వం మద్దతిచ్చింది ఆ మాటకే. ఆ మద్దతును అమెరికా ఒత్తిడికి లొంగడంగా చూడటం సరికాదు.

ఆ సుహృద్భావం ఎక్కువకాలం నిలవలేదు. 1995 మేలో ఎన్‌పీటీని శాశ్వతంగా పొడిగించారు. అదే ఏడాది డిసెంబరులో పీవీ ప్రభుత్వం పోఖ్రాన్‌లో పరీక్షకు సన్నాహాలు చేస్తుండగా అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి, పరీక్ష ఆగిపోయింది. పదార్థాల ఉత్పత్తిపై కట్టడికి సిద్ధమన్న నాయకుడే బాంబు దారిని మూసుకోకుండా ఉంచారు. తన చేతిలో ఏమీ లేకుండా చర్చలకు కూర్చోవడం పీవీకి ఇష్టం లేదని ఈ రెండిటినీ కలిపి చూస్తే తెలుస్తుంది.

నిల్వల పేచీ

సంప్రదింపుల వేదిక జెనీవాలోని నిరాయుధీకరణ సదస్సు. ప్రస్తుతం సభ్యదేశాలు 65. ఏ నిర్ణయానికైనా ఏకాభిప్రాయం కావాలి, అంటే ఒక్క దేశం కాదంటే అంతే. అధ్యక్ష స్థానం నాలుగు వారాలకొకసారి మారుతుంది.

కెనడా రాయబారి జెరాల్డ్ షానన్ అందరితో మాట్లాడి 1995 మార్చి 24న నివేదిక ఇచ్చారు. ఒప్పందం ఇకమీదటి ఉత్పత్తికే పరిమితమా, ఇప్పటికే గోదాముల్లో ఉన్న నిల్వలకూ వర్తిస్తుందా అన్నదే ముఖ్యమైన తగువు. షానన్ దాన్ని తేల్చలేదు. నిల్వల సంగతిని ఎవరైనా చర్చల్లో లేవనెత్తవచ్చని రాసి వదిలేశారు. అప్పటికి అందరినీ ఒప్పించింది ఆ వాక్యమే. ఆ తర్వాత ఎవరికి నచ్చిన అర్థం వారు తీసుకోవడానికి పనికొచ్చిందీ అదే.

1998 మేలో భారత్, పాకిస్థాన్ అణుపరీక్షలు జరిపాక రెండూ చర్చలకు సరేనన్నాయి. ఆగస్టు 11న సదస్సు కమిటీ వేసింది. కొన్ని వారాలు పనిచేశాక ఆ ఏటి సమావేశాలు ముగిశాయి. 1999లో కమిటీ మళ్లీ ఏర్పడలేదు. అంతరిక్షంలో ఆయుధ పోటీ నివారణపైనా చర్చ ఉండాలని చైనా పట్టుబట్టింది. 2004లో అమెరికా తనిఖీ ఆచరణసాధ్యం కాదంటూ అడ్డం తిరిగింది.

ఒబామా వచ్చాక 2009 మే 29న సదస్సు కార్యక్రమాన్ని ఆమోదించినా పాకిస్థాన్ అమలు కానివ్వలేదు. అంతకుముందు, 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం భారత్‌కు అణు ఇంధన దిగుమతికి మినహాయింపు ఇచ్చింది. దిగుమతి యురేనియం విద్యుత్తుకు పోతే దేశీయ యురేనియం బాంబులకు మిగులుతుందని ఇస్లామాబాద్ వాదన. నిల్వలు కూడా లెక్కలోకి రావాలంటుంది. భవిష్యత్ ఉత్పత్తిపై నిషేధం చాలునన్నది భారత్ వైఖరి. ఐరాస 2014-15లోనూ, 2017-18లోనూ నిపుణుల బృందాలతో అధ్యయనాలు చేయించింది. నివేదికలు వచ్చాయి, సంప్రదింపులు మొదలవలేదు.

తెలుగు నేలపై

గోదావరి ధర్మపురి, మంథని, కాళేశ్వరం దాటి కిందికి పోతే మణుగూరు వస్తుంది. అక్కడి భారజల కర్మాగారం 1991లో పని ప్రారంభించింది. నీటిలోని హైడ్రోజన్‌లో సుమారు ఏడువేల పరమాణువులకు ఒక్కటే డ్యుటీరియం. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు సాయంతో దాన్ని వేరుచేసి పోగుచేస్తారు. భారజలం రియాక్టర్లలో వాడేదే గానీ విచ్ఛిత్తి పదార్థం కాదు. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఇంధన కడ్డీలు తయారుచేస్తుంది. 2006 నాటి పౌర, సైనిక విభజన ప్రణాళికలో అక్కడి కొన్ని విభాగాలను ఐఏఈఏ తనిఖీలకు అప్పగించారు. మణుగూరు ఆ జాబితాలో లేదు. ఒప్పందం కుదిరితే ముందుగా పరీక్షకు నిలిచేవి మైసూరు దగ్గరి రత్తేహళ్లి శుద్ధి కర్మాగారం, ట్రాంబే, తారాపూర్, కల్పాక్కం పునఃశుద్ధి కేంద్రాలు.

అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్ బాంబుల కోసం ఈ పదార్థాల ఉత్పత్తి ఆపామని ఎప్పుడో ప్రకటించాయి. వాటికి కావలసినంత నిల్వ ఉంది, ఆపినందువల్ల పోయేదేమీ లేదు. తక్కువ నిల్వ ఉన్న దేశానికే ఆపడం కష్టం. కాబట్టి నిల్వల ప్రశ్నను పక్కకు నెట్టి ఈ ముడి విప్పడం సాధ్యం కాదు. షానన్ వదిలేసిన చోటనే సంప్రదింపులు మొదలవ్వాలి.