జాలక సిద్ధాంతం: వాల్తేరు గణితజ్ఞుల పాత్ర

జాలకం, లేదా లాటిస్, అంటే క్రమం ఉన్న ఒక సమితి. అందులో ఏ రెండు మూలకాలు తీసుకున్నా, రెండింటికీ కింద ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది ఒకటి, రెండింటికీ పైన ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నది ఒకటి ఉండి తీరాలి. మొదటిదాన్ని మీట్ అనీ, రెండోదాన్ని జాయిన్ అనీ అంటారు. భాజనీయతను క్రమంగా తీసుకుంటే ఇవి బడిలో నేర్చిన గ.సా.భా., క.సా.గు.లే. 8, 18ల క.సా.గు. 72, దానికీ 12కీ గ.సా.భా. 12. ఇదే లెక్కను విడదీసి, 12కు 8తో వచ్చే 4నూ, 18తో వచ్చే 6నూ తీసుకుని క.సా.గు. కట్టినా మళ్లీ 12 వస్తుంది. ఇది విభాగ న్యాయం. ఇది అన్ని జాలకాల్లోనూ నిలవదు, జాలక సిద్ధాంతం చరిత్రలో చాలాభాగం దీని చుట్టూనే తిరిగింది. మూలబిందువు గుండా పోయే మూడు వేర్వేరు సరళరేఖలను ఒక తలం మీద గీయండి. రెండు రేఖలు కలిసి తలమంతటినీ పుట్టిస్తాయి కాబట్టి మూడో రేఖతో దాని ఛేదనం ఆ మూడో రేఖే. విడివిడిగా ఛేదిస్తే మిగిలేది మూలబిందువు ఒక్కటే. అంటే సంఖ్యల్లో నిలిచిన న్యాయం జ్యామితిలో కూలిపోయింది.

కూలిన చోట ఇంకేం మిగిలిందని వెతికినవాడు జర్మన్ గణితజ్ఞుడు రిచర్డ్ డెడెకిండ్. 1897, 1900లలో వెలువరించిన రెండు వ్యాసాల్లో అతను విభాగ న్యాయం కన్నా బలహీనమైన మాడ్యులర్ నియమాన్ని విడిగా నిలబెట్టాడు. మూడు మూలకాలతో స్వేచ్ఛగా పుట్టే మాడ్యులర్ జాలకంలో సరిగ్గా 28 మూలకాలుంటాయని చూపాడు. ఆ పని మూడు దశాబ్దాలు దాదాపు ఎవరికీ పట్టలేదు. 1930లలో గారెట్ బిర్కాఫ్ దాన్ని మళ్లీ కనిపెట్టినంత పనిచేశాడు, 1940లో తన పుస్తకంతో ఒక శాఖగా స్థిరపరిచాడు. 1930లలోనే మార్షల్ స్టోన్ బూలియన్ బీజగణితాలూ, ప్రతి మూలకమూ తన వర్గానికి సమానమయ్యే వలయాలూ (కూడిక, తీసివేత, గుణకారం జరిగే నిర్మాణాలు) ఒక్కటేనని నిరూపించాడు. హాస్లర్ విట్నీ మాట్రాయిడ్లు, ఫాన్ నాయ్‌మన్ అవిచ్ఛిన్న జ్యామితి కూడా అప్పటివే. 1964లో జియాన్ కార్లో రోటా సంఖ్యా సిద్ధాంతంలోని మోబియస్ ప్రమేయాన్ని క్రమ సమితులకు విస్తరించాక, లెక్కింపు గణితమూ ఈ గూటికే చేరింది.

ఇదంతా భాష మాత్రమే, దీనిలో సిద్ధాంతమేముందని మొదటినుంచీ ఒక ఆక్షేపణ ఉంది. వలయాల గురించి తెలిసిన సంగతినే జాలకాల మాటల్లో తిరిగి చెబితే కొత్తగా ఒరిగేదేమిటి? వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1960 నుంచి జరిగిన పని ఈ ప్రశ్నకు మంచి పరీక్ష. ఎందుకంటే ఆ పని బయటికి చూస్తే ఒక్కో నియమాన్నీ సడలించుకుంటూ పోయిన అభ్యాసంలాగే కనిపిస్తుంది.

వాల్తేరుకు లెక్కింపు గణితంతో బంధుత్వం అంతకుముందే ఉంది. 1940లో అక్కడ గణితంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్న సి.ఆర్. రావు, తర్వాత కలకత్తాలో పరిమిత జ్యామితులను ఆసరా చేసుకుని ప్రయోగాల రూపకల్పనకు కావలసిన పట్టికలు నిర్మించాడు. ఉపాంతరాళాల జాలకమే వాటికి అస్థిపంజరం. ఆయన దాన్ని ఆ పేరుతో పిలవలేదు, పిలవాల్సిన అవసరమూ రాలేదు. ఆక్షేపకులకు ఇక్కడ ఒక పాయింటు దక్కుతుంది; ఒప్పుకోవలసిందే.

ఆ విశ్వవిద్యాలయంలోనే పనిచేసిన ఎన్.వి. సుబ్రహ్మణ్యం సంగతి వేరు. 1960లో జర్మన్ పత్రిక మాథమాటిష్ అన్నాలెన్‌లో వచ్చిన ఆయన వ్యాసం కొన్ని తరగతుల వలయాలకు జాలక సిద్ధాంతాన్ని కడుతుంది. 1963లో అదే పత్రికలో బూలియన్ జాలక సిద్ధాంతాన్ని విస్తరించాడు. స్టోన్ చూపిన వంతెన మీద ప్రతి మూలకమూ తన వర్గానికి సమానం కావాలి. ఆ షరతు తీసేస్తే వంతెనలో ఎంత మిగులుతుందన్నది ఆయన ప్రశ్న. కె.ఎల్.ఎన్. స్వామి మరో దిక్కున వెళ్లాడు. బూలియన్ బీజగణితాలనూ, జాలక క్రమం ఉన్న సమూహాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చే నిర్మాణం ఉందా అని బిర్కాఫ్ అడిగాడు. 1965లో స్వామి ఇచ్చిన జవాబులో కీలకం తీసివేత. ఒకదాన్లోంచి మరొకదాన్నీ, దాన్లోంచి దీన్నీ తీసివేసి, ఆ రెండింటి జాయిన్ తీసుకుంటే దాన్ని వాటి మధ్య దూరం అనుకోవచ్చు. పూర్ణసంఖ్యల్లో 3కూ 7కూ అలా వచ్చేది 4. సమితుల్లో అయితే ఏదో ఒకదానిలో మాత్రమే ఉన్న మూలకాల సమితి. దూరం ఉందంటే జ్యామితి మొదలైనట్టే. ఈ నిర్మాణాలు తర్వాత చెక్ గణితజ్ఞుల చేతికి వెళ్లాయి. బహువిలువల తర్కానికి చెందిన ఎం.వి. బీజగణితాలు వీటిలో ఒక తరగతితో సమానార్థకాలని యిర్జీ రాహూనెక్ 1998లో చూపాడు. స్వామి తర్కం కోసం కట్టలేదు, అయినా తర్కానికి సరిపోయింది. కేవలం భాష అనదగినదానికి ఇలాంటిది జరగదు.

1981లో యు.ఎం. స్వామి, జి.సి. రావు ఆస్ట్రేలియా గణిత సంఘం పత్రికలో ప్రవేశపెట్టిన ‘దాదాపు విభాగ జాలకం’ ఈ దారిలో అన్నిటికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్నది. 6తో భాగిస్తే వచ్చే శేషాలు 0 నుంచి 5 వరకూ తీసుకుందాం. ఈ వలయంలో ప్రతి మూలకానికీ, అదే గుణిజాలను పుట్టించే, వర్గం చేసినా మారని తోడు ఒక్కటే ఉంటుంది: 2కు 4, 4కు 4, 3కు 3, 1కీ 5కూ 1, 0కు 0. మొదటి మూలకపు తోడును రెండోదానితో గుణిస్తే మీట్. రెండు మూలకాలనూ కూడి, అందులోంచి మీట్ తీసేస్తే జాయిన్. 2, 4ల మీట్ 4, కానీ 4, 2ల మీట్ 2. జాయిన్ కూడా ఇలాగే: ముందు 2 వస్తే 2, ముందు 4 వస్తే 4. స్థిత్యంతర ధర్మం పోయింది. విభాగ జాలకపు మిగతా లక్షణాలు దాదాపు అన్నీ ఉన్నాయి. ఆ ధర్మాన్ని మీట్‌కైనా జాయిన్‌కైనా తిరిగి ఇస్తే చాలు, మామూలు విభాగ జాలకమే వచ్చేస్తుంది.

ఇక్కడ గట్టి ఆక్షేపణ మరొకటి ఉంది. ఇలాంటి నిర్మాణంలో ఒక్కొక్క మూలకం పుట్టించే ఐడియళ్లను పోగుచేస్తే అవి విభాగ జాలకమే అవుతాయి. పై ఉదాహరణలో అవి, అంటే ఒక్కో మూలకపు గుణిజాల సమితులు, నాలుగు. 6కు ఉన్న భాజకాల జాలకానికీ వాటికీ ఆకారంలో తేడా లేదు. అలాంటప్పుడు పాత సిద్ధాంతాలను ఆ మెట్టు ఎక్కించి దింపితే చాలదా? చాలా వరకు చాలు, ఆ తర్వాత వచ్చిన వ్యాసాల్లో ఎక్కువభాగం చేసిందీ అదే. పాత నిర్వచనానికి ముందు ‘దాదాపు’ చేర్చి రాసినవీ కొల్లలు. అయితే 2నూ 4నూ ఐడియళ్ల మెట్టు మీద చూస్తే ఒక్కటైపోతాయి, వలయంలో అవి వేర్వేరు. ఆ తేడాను పోగొట్టకుండానే జాలకాన్ని నడిపించిన చోటే 1981 వ్యాసం సొంత బలం ఉంది. ఆ తేడాను వాడుకోని విస్తరణ ఎన్ని పుటలున్నా పాత సంగతే.

ఈ విషయంలోకి కొత్తగా వచ్చేవారు నియమాల పట్టికతో కాక వలయాల ఉదాహరణతో మొదలుపెట్టడం మేలు. 6 తర్వాత 30 తీసుకుని చేయండి, ఎనిమిది ఐడియళ్లు వస్తాయి. 4తో మాత్రం కుదరదు: అక్కడ 2ను వర్గం చేస్తే 0, కాబట్టి 2కు తోడు దొరకదు.