తుపాకీ పట్టనివాడు, ఒక జనరల్, కొన్ని కొంగలు

ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషన్ పేరు ఓఖ్లా బర్డ్ శాంక్చువరీ. నోయిడాలో కాపురం పెట్టిన కొత్తలో ఆ పేరు వినబడ్డప్పుడల్లా నాకు భలే సరదా వేసేది. కాలనీల పేర్లన్నీ వరసగా అప్పజెప్పే ఆ గొంతు, మధ్యలో పక్షులకూ ఒక చిరునామా ఇచ్చేసేది. ఒకరోజు దిగి చూశాను. యమున మీద బ్యారేజీ, నల్లటి నీళ్ళు, వాటి మీద తెల్లటి నురగ. మన ఊళ్ళో బర్రెలు కూడా దిగని అలాంటి నీళ్ళలో బాతులు హాయిగా ఈదుతున్నాయి.

ఇది నాకు పరాయి దేశమంటే, ఢిల్లీ వేరే దేశమా అని మీరు నవ్వుతారు. ఒంగోలు నుంచి వచ్చి ఈ చలికీ, పొగకీ, హిందీకీ అలవాటుపడ్డవాళ్ళను అడిగి చూడండి. ఇక్కడి చరిత్ర అనగానే మీకు ఎర్రకోట, కుతుబ్ మీనార్ గుర్తొస్తాయి. వాటి గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను చెప్పబోయేది ఈ ఊరి నీటి మడుగుల కథ. అందులో ఒక క్రైస్తవుడున్నాడు.

పేరు హొరేస్ అలెగ్జాండర్. 1889లో ఇంగ్లండులో పుట్టాడు. క్వేకర్. మన బాప్టిస్టులకు క్వేకర్లను పరిచయం చెయ్యడం కొంచెం కష్టమే. వాళ్ళకు పాస్టరు లేడు, బల్లారాధన లేదు, ఆఖరికి బాప్తిస్మం కూడా లేదు. ఆదివారం అందరూ ఒక గదిలో చేరి మాట్లాడకుండా కూర్చుంటారు. ఎవరికైనా లోపల్నించి మాట పుడితే లేచి చెబుతారు. పుట్టకపోతే ఆ మౌనంతోనే ఆరాధన ముగించుకుని, చేతులు కలుపుకుని ఇళ్ళకు పోతారు. మైకూ కీబోర్డూ లేకుండా దేవుడికి ఎలా వినబడుతుందని మీకొచ్చే అనుమానమే నాకూ వచ్చింది. వాళ్ళ మూలపురుషుడు జార్జ్ ఫాక్స్ 1652లో పెండిల్ అనే కొండెక్కి దర్శనం చూశాడని చెబుతారు. కొండెక్కే విషయంలో మాత్రం వాళ్ళకూ మనకూ పేచీ లేదు.

అలెగ్జాండర్ మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టనన్నాడు. వాళ్ళ నాన్న నల్లమందు వ్యాపారం మీద పోరాడినవాడు. ఆ పని మీదే 1920ల చివర్లో కొడుకు మన దేశం వచ్చి గాంధీకి స్నేహితుడయ్యాడు. 1942లో క్వేకర్ల అంబులెన్స్ దళంతో మళ్ళీ వచ్చాడు. 1947 ఆగస్టు 15న ఢిల్లీ జెండా పండగ చేసుకుంటుంటే ఆయన కలకత్తా బేలియాఘాటాలో గాంధీ దగ్గర ఉన్నాడు. ఇదంతా పుస్తకాల్లో దొరికేదే. నేను ఆగిపోయింది 1950 దగ్గర. ఆ ఏడు ఈయనా, సర్ హెరాల్డ్ విలియమ్స్ అనే జనరలూ కలిసి ఢిల్లీ బర్డ్ వాచింగ్ సొసైటీ పెట్టారు. విలియమ్స్ భారత సైన్యంలో ఇంజనీర్ ఇన్ చీఫ్. యుద్ధమే పాపమన్నవాడికీ, యుద్ధం వృత్తిగా ఉన్నవాడికీ కొంగల దగ్గర పొత్తు కుదిరింది.

1950 నాటి ఢిల్లీని ఊహించుకోండి. పంజాబ్ నుంచి కట్టుబట్టలతో వచ్చి కింగ్స్‌వే క్యాంపు లాంటి చోట్ల తలదాచుకున్నవాళ్ళు ఇంకా ఇల్లూ ఉద్యోగమూ వెతుక్కుంటున్న ఊరు. మనుషులకే దిక్కులేనప్పుడు పక్షుల సంఘమేమిటని నాకు చిరాకేసింది. ఆ చిరాకు నాకు ఒంగోలు కొండ నేర్పింది.

మన ప్రార్థన కొండ కథ మీకు చెప్పక్కర్లేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో కలిసి ఆ కొండెక్కి, ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని దేవుణ్ణి అడిగారు. తర్వాత క్లవ్ దొర వచ్చాడు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగ పేటల వాళ్ళు. మన సండే స్కూలు చరిత్రంతా కొండ, కాలవ, ఏరు. అయినా ఆ తెల్లవారుజామున కొండ మీద ఏ పిట్ట కూసిందో ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు? కరువులో అడవంటే కట్టెలు, ఆకులు, దుంపలు. కడుపు కోసం అడవికి పోయినవాడు దాని అందం మీద సాక్ష్యం చెప్పడు. పక్షిని తీరిగ్గా చూడాలంటే ముందు ఇంట్లో కుండ నిండాలి.

అక్కడ జ్యూయెట్ కొండ మీంచి ఊరిని చూసి, మనుషుల్ని ఇమ్మని అడిగాడు. ఇక్కడ అలెగ్జాండర్ నీటి గట్టున నిలబడి చూశాడు, ఏమీ అడగలేదు. వాళ్ళిద్దరూ చోట్లు మార్చుకుని ఉంటే ఒంగోల్లో పేటకొక పక్షుల చెరువూ, గుర్గావ్‌లో వీధికొక బాప్టిస్టు గుడీ వెలిసేవేమో! పోలిక మరీ సాగదీశాను, క్షమించండి. సాగదీయకుండా ఉండలేకపోతున్నాను.

అలెగ్జాండర్ వైపు నన్ను తిప్పింది ఆయన తోటి క్రైస్తవులే. భరత్‌పూర్ కూడా ఇప్పుడు ఢిల్లీ చుట్టూ గీసిన రాజధాని ప్రాంతం, అంటే ఎన్‌సీఆర్‌లోదే. అక్కడి కేవలాదేవ్ నేషనల్ పార్కులో వేటల లెక్కలు చెక్కిన రాళ్ళున్నాయి. వైస్రాయ్ లిన్‌లిత్‌గో విందు వేటలో ఒక్కరోజు కూలిన పక్షులు 4,273. తేదీ 1938 నవంబర్ 12, శనివారం. మర్నాడు యథాప్రకారం ఆదివారం. సృష్టి మీద మనిషికి ఏలుబడి ఇచ్చారన్న వాక్యాన్ని అలా చదువుకున్నవాళ్ళు ఈ దేశాన్ని ఏలారు. అదే బైబిలు చదివి, ఆకాశ పక్షుల్ని చూడమన్న యేసు మాటను ఉన్నదున్నట్టు పాటించినవాడు ఈ క్వేకర్. ఇద్దరిలో ఎవరి పక్షం అంటే నాకు తడుముకోవాల్సిన పనిలేదు.

సొసైటీ పని ఊరికే పోలేదు. గుర్గావ్ దాటి ఫరూఖ్‌నగర్ దారిలో సుల్తాన్‌పూర్ అని ఒక పల్లె. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఉప్పునీటి బావులు తవ్వి, మన చినగంజాంలో లాగా ఉప్పు పండించేవాళ్ళు. ఆ ఉప్పు వ్యాపారం పోయింది, వాననీళ్ళు నిలిచే పల్లం మిగిలింది. అక్కడికి చలికాలం పక్షులు దిగేవి. సొసైటీ సభ్యుడు, రాయిటర్స్ విలేకరి పీటర్ జాక్సన్ దీన్ని కాపాడమని ప్రధాని ఇందిరకు ఉత్తరం రాశాడు. ఆమె కూడా ఆ సొసైటీతో తిరిగి పక్షుల్ని చూసిన మనిషే. 1970ల మొదట్లో అది పక్షుల రక్షిత ప్రాంతమైంది, 1991లో నేషనల్ పార్కు అయింది. మొత్తం కలిపి సుమారు 350 ఎకరాలు. మన నల్లమలలో ఒక మూలకు చాలదు. కానీ ఎకరం ధర వింటే కళ్ళు తిరిగే గుర్గావ్ పక్కన అది మిగలడం నా దృష్టిలో చిన్న సంగతి కాదు.

డిసెంబరు పొద్దున అక్కడికి పోతే మంచులో ముందు చప్పుడు వస్తుంది, ఆకారాలు తర్వాత. తల మీద రెండు నల్లచారలున్న బాతులు హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చి గడ్డి మేస్తుంటాయి. ఎర్రకాళ్ళ కొంగలు, సారసాలు, గట్టు మీద మనుబోతులు. చుట్టూ ఉన్న మనుషులు గుసగుసగా కూడా మాట్లాడరు. క్వేకర్ల ఆరాధన ఇలాగే ఉంటుందేమో అనుకుంటూ నిలబడతాను. అంతలో మన సెమీ క్రిస్మస్ పాటలు, గుడి ముందు కాగితపు నక్షత్రాలు గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది. ఆ గోల లేని డిసెంబరు నాకు ఇంకా అలవాటు కాలేదు. ఫోన్లో చెబితే అమ్మ, "ఏరా, ఆదివారం పూట గుడి ఎగ్గొట్టి కొంగల్ని చూడ్డానికి పోయావా?" అంది. "గుడికి సాయంత్రం పోతానులే అమ్మా" అన్నాను. "పాటలన్నా పాడతారా అక్కడ?" అని ఇంకో ప్రశ్న వేసింది. పాడతారు. ఇక్కడ తెలుగువాళ్ళ ఆరాధనలో మైకు మనకంటే ఎక్కువే.

అలెగ్జాండర్ నూరేళ్ళు బతికి 1989లో అమెరికాలో పోయాడు. ఈ మడుగుల దగ్గర ఆయన పేరు చెప్పేవాళ్ళు తక్కువ. గుడి కట్టకుండా, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా మన దేశంలో మంచి మిషనరీ పని చేసినవాళ్ళలో ఆయన్ని నేను ముందు వరసలో కూర్చోబెడతాను. మా పెద్దలు ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా ఢిల్లీ వచ్చినప్పుడు ఒక పొద్దున సుల్తాన్‌పూర్‌కు ఉంచుకోండి. డిసెంబరు, జనవరి మంచివి. వానాకాలం పక్షులు గుడ్లు పెడతాయని పార్కు మూసేస్తారు. మంగళవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు సెలవు.