బొంబాయి, మద్రాసుల నడుమ నొక రాత్రి

ముంబయి నుండి చెన్నైకి గగనమార్గమున దూరము సుమారు 1030 కిలోమీటర్లు. నేటి విమానమునకది రెండు గంటల ప్రయాణము. 1932లోను దూరమింతియే; టపా మాత్రము మరునాడు గాని చేరలేదు.

ఆ యేడు అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీలో టపా సంచులతో బయలుదేరి, అహమ్మదాబాదులో పెట్రోలు పోయించుకొని, మధ్యాహ్నము బొంబాయిలోని జుహూలో దిగెను. (జుహూ మైదానము వానకాలమున నీట మునిగెడిది!) అచట నెవిల్ విన్‌సెంట్ సంచులనందుకొని బళ్లారి చేరి, రాత్రి యచటనే నిలిచెను. మేము లెక్క చూచితిమి: గంటకు 160 కిలోమీటర్లు పోవు ఆ చిన్న విమానమునకు మద్రాసు ఏడు గంటల దారియైనను కాదు. కాని ప్రొద్దు గ్రుంకినచో నేలపై దీపములు లేవు, త్రోవ చెప్పు రేడియో లేదు. ఆలస్యమంతయు చీకటిదే.

1949 జనవరి 30న రాత్రి విమాన టపా మొదలయ్యెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు విమానములు నడిరేయి నాగపూరున కలిసి, సంచులు మార్చుకొని మరలెడివి. ఆ చుట్టుదారి సుమారు 1600 కిలోమీటర్లు. అయినను బొంబాయిలో సాయంకాలము వేసిన యుత్తరము తెల్లవారునప్పటికి మద్రాసులో నుండెడిది.