ఈతకొలను గేటు మీది బోర్డు: కొంత చరిత్ర

మన సంఘ సభ్యులలో చాలామంది పిల్లలు అమెరికాలో స్థిరపడిన సంగతి అందరికీ తెలిసినదే. వేసవిలో వారి వద్దకు వెళ్ళి నాలుగైదు నెలలు గడిపి వచ్చే సోదర సభ్యులకు అక్కడి కాలనీల ఈతకొలనులు, వాటి చుట్టూ ఉండే ఇనుప కంచె, గేటుకు తగిలించిన నిబంధనల బోర్డు కూడా పరిచయమే. చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాలలో మే నెల ఆఖరి సోమవారం నాటికి కొలను తెరిచి, సెప్టెంబరు మొదటి సోమవారం దాటగానే మూసివేస్తారు. ఏ వేళకు తెరుస్తారు, ఏ వేళకు మూస్తారు, ఇంటికి ఎంతమంది అతిథులు రావచ్చు, ఎన్నేళ్ళలోపు పిల్లల వెంట పెద్దలు ఉండాలి, గాజు సీసాలు తేరాదు, తల ముందుగా దూకరాదు, ఈ బాపతు వివరాలన్నీ ఆ బోర్డు మీద ఉంటాయి. చాలామంది దానిని చూడకుండానే లోపలికి వెళ్ళిపోతారు. సర్వీసంతా సర్క్యులర్లు, మెమోలు చూసినవాణ్ణి గావున నాకు మాత్రం బోర్డు కనబడితే చదవకుండా అడుగు ముందుకు పడదు. ఆ చదవటం నుంచే ఈ నిబంధనలు ఎక్కడ పుట్టాయా అనే కుతూహలం కలిగింది. తెలుసుకున్నది ఈ ప్రత్యేక సంచికలో సభ్యుల ముందు ఉంచుతున్నాను.

ఈ కొలనులు మునిసిపాలిటీవి కావు. ఇల్లు కొన్న ప్రతివారూ విధిగా సభ్యులయ్యే ఇళ్ళ యజమానుల సంఘానివి. నెలకో, సంవత్సరానికో ఇంత అని చందా వసూలు చేసి రోడ్లు, పార్కులు, కొలను చూసుకునేందుకు సభ్యులే ఒక బోర్డును ఎన్నుకుంటారు. ఇలాంటి ఏర్పాటుకు బాగా పేరు వచ్చిన తొలి నమూనాలలో న్యూజెర్సీ రాష్ట్రంలో 1929లో మొదలైన రాడ్‌బర్న్ కాలనీ ఒకటి. క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ అనే ఇద్దరు దాని ప్లాను గీశారు. పార్కులు, ఈతకొలనులు అక్కడి అసోసియేషన్ నిర్వహణలోనే ఉన్నాయి. అయితే అటువంటి కాలనీలు ఆ రోజుల్లో చాలా అరుదు. జనం ఈతకు వెళ్ళేది మునిసిపల్ కొలనులకే. ఆర్థిక మాంద్యం కాలంలో ప్రభుత్వ ఉపాధి పనుల కింద దేశమంతటా పెద్ద పెద్ద కొలనులు కట్టారు. ఒక్క న్యూయార్క్ నగరంలోనే 1936 వేసవిలో పదకొండు కొలనులు తెరిచారు.

కథ ఇక్కడ మలుపు తిరిగింది. ఆ మునిసిపల్ కొలనులలో చాలాచోట్ల నల్లజాతి వారికి ప్రవేశం ఉండేది కాదు. ప్రవేశం ఇవ్వబోయినప్పుడు ఏమయిందో సెయింట్ లూయిస్ నగరం చెబుతుంది. 1949 జూన్ 21వ తేదీన అక్కడి ఫెయిర్‌గ్రౌండ్ పార్కు కొలనులోకి నల్లజాతి పిల్లలను అధికారికంగా రానిచ్చారు. ఆ సాయంత్రానికి కర్రలు పట్టుకుని గుంపులు చేరి, దొరికిన నల్లజాతి వారినల్లా కొట్టాయి. మేయరు వెంటనే ఆ ఉత్తర్వు రద్దుచేసి పాత పద్ధతే పునరుద్ధరించాడు. మరుసటి సంవత్సరం కోర్టు ఉత్తర్వుతో గాని ఆ గేటు మళ్ళీ తెరుచుకోలేదు.

మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరం మరో దారి తొక్కింది. కోర్టు తీర్పు ప్రకారం అందరినీ కలిపి ఈదనివ్వాల్సి వచ్చేసరికి, 1963లో మునిసిపాలిటీ అసలు కొలనులు నడపటమే మానేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళగా, 1971లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలిచి నగరం చేసినది చెల్లుతుందని తేల్చారు. మూసివేత తెల్లవారికీ నల్లవారికీ సమానంగానే వర్తిస్తుంది గదా అన్నది మెజారిటీ వారి వాదన. “అందరికీ సమానమే” అనే ఈ మాటను పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి. తరువాత మళ్ళీ దానితో పని పడుతుంది.

మునిసిపల్ కొలనుల తలుపులు అందరికీ తెరుచుకుంటున్న కొద్దీ, నగర శివార్లలో కొత్తగా ఇళ్ళు కట్టుకున్న తెల్లజాతి మధ్యతరగతి వారు తమ పేటకు తామే కొలను తవ్వించుకోవటం మొదలుపెట్టారు. 1950, 60 దశకాలలో ఇలాంటివి వేల సంఖ్యలో వెలిశాయి. 1964 నాటి పౌరహక్కుల చట్టం హోటళ్ళు, సినిమాహాళ్ళు వగైరాలలో జాతి వివక్షను నిషేధించింది గాని, నిజమైన ప్రైవేటు క్లబ్బులకు మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు కింద తలదాచుకోవచ్చునని ఈ సంఘాలు అనుకున్నాయి.

వర్జీనియాలో లిటిల్ హంటింగ్ పార్క్ అని ఒక సంఘం. ఆ పేటలో ఇల్లున్నవారు వాటా కొనుక్కుంటే పార్కు, ఆటస్థలం, ఇతర వసతులు వాడుకోవచ్చు. ఇల్లు అద్దెకిస్తే ఆ వాటాను అద్దెకున్నవారి పేర బదలాయించవచ్చు. ఒక యజమాని 1965లో తన ఇంటిని ఒక నల్లజాతి ఉద్యోగికి అద్దెకిచ్చి వాటా బదలాయించాడు. బోర్డు ఒప్పుకోలేదు. ఇదేమిటని అడిగినందుకు ఆ యజమానినే సభ్యత్వం నుంచి తీసివేసి, వాటాల సొమ్ము వాపసు ఇవ్వజూపింది. అద్దెకు దిగినాయన కేంద్ర వ్యవసాయ శాఖలో పనిచేసేవాడు, అంటే మన వంటి ప్రభుత్వోద్యోగే. 1969 డిసెంబరులో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. బానిసత్వం రద్దయిన వెంటనే, 1866లో చేసిన ఒక పాత చట్టం ఆస్తి కొనే, అద్దెకు తీసుకునే హక్కు అన్ని జాతుల వారికీ ఒకటేనని చెబుతుంది. నూరేళ్ళుగా దుమ్ము పట్టి ఉన్న ఆ చట్టాన్నే కోర్టు ఆధారం చేసుకున్నది.

అయితే రికార్డు చూడటం అలవాటయిన మన వంటివారికి అంతకన్నా ఆసక్తి కలిగించేది మేరీలాండ్ రాష్ట్రం సిల్వర్ స్ప్రింగ్‌లోని వీటన్-హేవెన్ కొలను వ్యవహారం. ఈ సంఘం 1958లో ఏర్పడింది. 325 కుటుంబాలకు మించి సభ్యత్వం లేదు. కొలనుకు ముప్పావు మైలు లోపల నివసించేవారికి ఎవరి సిఫారసూ అక్కరలేదు. బయటివారికి మాత్రం ఒక సభ్యుడి సిఫారసు కావాలి. వారి సంఖ్య మొత్తంలో నూటికి ముప్పై దాటరాదు. సభ్యుడు ఇల్లు అమ్ముకుని సభ్యత్వం వదులుకుంటే, ఆ ఖాళీ మీద మొదటి హక్కు ఇల్లు కొన్నవారిది. చదివితే ఎంత పద్ధతిగా ఉన్నాయో చూడండి. జాతి ప్రస్తావన ఎక్కడా లేదు.

1968 వసంతకాలంలో, ఆ ముప్పావు మైలు లోపలే ఇల్లు కొనుక్కున్న ఒక నల్లజాతి డాక్టరు సభ్యత్వం గురించి వాకబు చేశాడు. ఆయనకు దరఖాస్తు ఫారమే ఇవ్వలేదు. తిరస్కరించటం వేరు, ఫారం ఇవ్వకపోవటం వేరు. ఫారం లేకపోతే దరఖాస్తు లేదు, దరఖాస్తు లేకపోతే ఫైలు లేదు, ఫైలు లేకపోతే తిరస్కరించిన దాఖలా ఉండదు. కౌంటరు అవతల కూర్చున్నవారికి ఈ విద్య ఏ దేశంలోనైనా తెలిసే ఉంటుంది.

అదే సంవత్సరం జూలైలో ఒక సభ్యుల జంట తమ స్నేహితురాలైన నల్లజాతి మహిళను అతిథిగా కొలనుకు తీసుకువెళ్ళారు. ఆ రోజు ఆమెను లోపలికి రానిచ్చారు. మర్నాడే బోర్డు ప్రత్యేక సమావేశం జరిపి అతిథుల నిబంధనను మార్చివేసింది. ఇకమీదట సభ్యుల బంధువులు మాత్రమే అతిథులుగా రావచ్చునట! ఆ తరువాత ఆమె వస్తే గేటు వద్దే ఆపారు. నవంబరులో నల్లజాతి వారికి సభ్యత్వం ఇచ్చే తీర్మానాన్ని సర్వసభ్య సమావేశం తోసిపుచ్చింది.

ఈ అతిథి నిబంధనను విడిగా చదివితే అభ్యంతరం ఏమి కనబడుతుంది? కొలను చిన్నది, జనం ఎక్కువ, కనుక బంధువుల వరకే అని సమర్థించుకోవచ్చు. గుట్టు బయటపెట్టినది తేదీ. ముందురోజు ఎవరు వచ్చారో చూస్తే మర్నాటి ఉత్తర్వు ఎందుకో తెలిసిపోతుంది. నేను చేరిన కొత్తలో మా సూపరింటెండెంటు గారు ఏ ఆర్డరు చేతికి వచ్చినా ముందు తేదీ, తరువాత రిఫరెన్సు, ఆ పైన విషయం చదవమనేవారు. కోర్టులో సంఘం వారు కూడా, నల్లజాతి అతిథులను రానివ్వకూడదన్నది ఆ మార్పుకు ఒక కారణమని ఒప్పుకోక తప్పలేదు.

కింది కోర్టులు దీనిని ప్రైవేటు క్లబ్బుగానే భావించి సంఘం వైపు మొగ్గాయి. 1973 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును తిరగకొట్టింది. ముప్పావు మైలు లోపల ఇల్లు కొన్నవారికి సభ్యత్వంలో ప్రాధాన్యం ఉన్నదంటే అది ఆ ఇంటితోపాటు వచ్చే విలువ. ఆ విలువ తెల్లవాడికి ఇచ్చి నల్లవాడికి ఇవ్వకపోతే 1866 చట్టాన్ని ఉల్లంఘించినట్లే. పేటలో ఉన్న తెల్లవారందరికీ తెరిచి ఉన్న సంస్థ తనను ప్రైవేటు క్లబ్బు అని చెప్పుకోవటం కుదరదు. స్థూలంగా తీర్పు ఇది.

నీటి దగ్గర ఇలాంటి తగవులు అమెరికావారి సొత్తేమీ కాదు లెండి. మహద్ పురపాలక సంఘం తన చెరువును అందరికీ తెరుస్తూ 1924లో చేసిన తీర్మానాన్ని, 1927లో డాక్టర్ అంబేద్కర్ గారు జనంతో వెళ్ళి ఆ నీళ్ళు తాగిన కొద్ది నెలలకే రద్దు చేసుకున్నది. మన పల్లెల్లో వేరు బావులు చూసిన తరం మనది.

బోర్డు మీది ప్రతి నిబంధన వెనుకా ఇలాంటి ఉద్దేశమే ఉంటుందని అనటం లేదు. కొన్ని ప్రాణాలు పోయిన తరువాత వచ్చినవి. 2002లో విదేశాంగ మాజీ మంత్రి జేమ్స్ బేకర్ గారి మనుమరాలు, ఏడేళ్ళ పిల్ల, వేడినీటి తొట్టి అడుగున ఉండే తూము లాగే ఒత్తిడికి అతుక్కుపోయి మరణించింది. ఆ పాప పేర 2007లో చట్టం చేసి, తూములకు ప్రత్యేకమైన మూతలు ఉండాలన్నారు. 2008 డిసెంబరు నుంచి అది అమలులోకి వచ్చింది. ఆ మూత లేదని కొలను మూసివేస్తే మనవలు గోల చేసినా సరే, మూసి ఉంచటమే మంచిది.

పిల్లలున్న కుటుంబాలకు ఇళ్ళ విషయంలో వివక్ష చూపరాదని 1988లో గృహవసతి చట్టాన్ని సవరించారు. “పెద్దలకు మాత్రమే”, “పిల్లలకు ఫలానా రెండు గంటలే” వంటి బోర్డులు అక్కడినుంచి చిక్కుల్లో పడ్డాయి. పెద్దవయసు వారికోసమే చట్టప్రకారం ఏర్పడిన కాలనీలకు మాత్రం దీనినుంచి మినహాయింపు ఉంది.

అలాంటి పెద్దల కాలనీయే న్యూజెర్సీలోని లేక్‌వుడ్‌లో ఉన్న ఎ కంట్రీ ప్లేస్. 55 ఏళ్ళు దాటినవారు ఉండేది. నివాసులలో దాదాపు మూడింట రెండు వంతులు సనాతన యూదులు. పరపురుషుల ఎదుట స్త్రీలు, పరస్త్రీల ఎదుట పురుషులు ఈత దుస్తులలో ఉండరాదని వారి ఆచారం. దానిని మన్నించి సంఘం స్త్రీలకు, పురుషులకు విడివిడి వేళలు పెట్టింది. క్రమంగా అవి పెరిగి, 2016 నాటికి వారంలో పురుషులకు 31 గంటల 45 నిమిషాలు, స్త్రీలకు 34 గంటల 15 నిమిషాలు, అందరికీ కలిపి 25 గంటలు అయ్యాయి. కూడి చూస్తే 91 గంటలలో 66 గంటలు విడివిడి వేళలే. పక్షవాతం వచ్చిన భార్యకు నీటిలో వ్యాయామం చేయించాలని ఒక భర్త కోరిక. మరొక మహిళ సాయంత్రం ఈదాలనుకున్నది. వేళలు మీరినందుకు వారికి తలా యాభై డాలర్లు జరిమానా వేశారు. కోర్టుకు వెళ్ళారు.

కింది కోర్టు ఏమన్నదో ఊహించగలరా? ఈ వేళలు స్త్రీ పురుషులిద్దరికీ సమానంగానే వర్తిస్తాయి గనుక వివక్ష లేదన్నది. జాక్సన్ మాట మళ్ళీ వచ్చింది. పైగా మొత్తం కూడితే స్త్రీలకే రెండున్నర గంటలు ఎక్కువ! 2019 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు న్యాయమూర్తి థామస్ ఆంబ్రో మొత్తం దగ్గర ఆగకుండా టైంటేబులును విడదీసి చూశారు. వారపు రోజులలో సాయంత్రం అయిదు దాటాక స్త్రీలకు దక్కినది మూడున్నర గంటలు, పురుషులకు పదహారున్నర గంటలు. శుక్రవారం నాలుగు గంటల తరువాతనంతా పురుషులకే. ఉద్యోగం చేసే స్త్రీ ఇంటికి వచ్చేసరికి కొలను ఆమెది కాదు. ఆడవారు పగలు ఇంట్లోనే ఉంటారన్న లెక్కతో వేసిన పట్టిక ఇదని కోర్టు అభిప్రాయపడి, గృహవసతి చట్టం కింద చెల్లదని తీర్పు ఇచ్చింది.

అయితే గంటలు న్యాయంగా, సరిసమానంగా పంచి, విడి వేళలు కొద్దిగా పెట్టుకుంటే చెల్లుతుందా అన్న విషయం తాము తేల్చనక్కర లేదని మెజారిటీ వారు వదిలేశారు. న్యాయమూర్తి ఫ్వెంటెస్ మాత్రం, సాయంత్రపు గంటలు సరిచేసినా ఆ పట్టిక నిలుస్తుందని తనకు నమ్మకం లేదని విడిగా వ్రాశారు. మన భాషలో చెప్పాలంటే, ఆ పాయింటు మీద ఫైలు ఇంకా పెండింగులోనే ఉన్నది.