ఉదయగిరి సీమలో గాలపువేట

వెలిగొండల తూర్పుదిక్కున నున్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు వానకు మొగము వాచియుండు మెట్టసీమలు. ఇట్టిచోట గాలము చేతబట్టి, గట్టున గూర్చుండి, మీనమున కెదురుచూచు వినోదమునకు తావెక్కడిదని పొరుగువారికి సందేహము కలుగవచ్చును. ఆ తావును కల్పించినవారు వేటకాండ్రు గారు, చెఱువులు కట్టించినవారు.

బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు ఉదయగిరి రాజధానిగా తూర్పురాజ్యము నేలుచు, కొండల కావల, పోరుమామిళ్లయందు అనంతరాజసాగరమను మహాతటాకమును నిర్మింపజేసెను. దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లు తోలుటకు నూఱు బండ్లును రెండేండ్లు పాటుపడిరని 1369 నాటి అచ్చటి శాసనము చెప్పుచున్నది. మంచి చెఱువునకు వలయు పండ్రెండంగములను, కూడని యాఱు దోషములను గూడ నది యెన్నినది: కట్ట చెమ్మగిల్లుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేర, చెఱువు నడుమ మెరక, కొలది నీటికి విస్తారమగు పొలము, విస్తారమగు నీటికి కొలది పొలము. తటాకమును సప్తసంతానములలో నొకటిగా నెంచి పుణ్యము గణించిన యా కాలపు పండితులు, పనిపాటలు ముగించుకొని తూముచెంత గాలము వేసిన సామాన్యునికి గలుగు చిత్తవిశ్రాంతిని లెక్కకు తీసికొనలేదు. అదియు నా దాతకు జెందవలసిన పుణ్యమే యని నా నమ్మకము.

ఈ వినోదము దొరల వెంట వచ్చినదనుట పొరపాటు. కల్యాణి చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్ది పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోద మను ప్రకరణమే కలదు. మీనముల జాతులు, వాని నివాసములు, వేయదగిన మేత, గాలపుత్రాడు, కఱ్ఱ — ఇవన్నియు నందు వర్ణితములు. ఆంగ్లమున నీ విద్యపై తొలి ముద్రితగ్రంథము 1496లో గాని వెలువడలేదు. ఎఱ్ఱని ఉన్నిని గాలమునకు జుట్టి ఈగవలె భ్రమింపజేయు మాసిడోనియావారి నేర్పును రోమను రచయితయగు ఏలియను ప్రాచీనకాలముననే వర్ణించెను గాని, మన బురదనీట వానపాముదే పెత్తనము. మద్రాసు సివిలు సర్వీసున నుండిన హెచ్. ఎస్. థామసు 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' ప్రకటించి, పిదప 1887లో చెఱువులలోని వేటకే వేఱొక గ్రంథమును కేటాయించుట మన చెఱువుల కొక గౌరవము.

ఈ వేటలో విద్య యంతయు గాలపుత్రాటికి గట్టి నీటిపై తేల్చు జీలుగుబెండును చదువుటయందున్నది. పక్కెలు మూగినచో బెండు నిలిచినచోటనే తటతట వణకును; జెల్ల పట్టినచో ప్రక్కకు సాగిపోవును; కప్పపిల్లను గ్రుచ్చిన గాలమును కొఱ్ఱమీను మ్రింగినచో బెండు ముందు జెప్పక మునుగును. ఆ క్షణమున తొందరపడి లాగినవానికి వట్టి గాలమే మిగులును. తక్కిన చింతలన్నియు మఱచి మనస్సు వేలెడంత బెండుపై నిలుచు నా స్థితిని పెద్దలు ఏకాగ్రత యన్నారు. దానిని గట్టుమీద, ఖర్చు లేకుండ, చదువురాని వారును సాధించిరి.

ఈ సీమకు కొఱ్ఱమీను, మార్పు తగిన చేపలు. పైగాలిని పీల్చుకొనగల శక్తి యుండుటచే నవి చెఱువు అడుగంటినను బురదలో కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. గత శతాబ్ది ఉత్తరార్ధమున పెన్నకు అడ్డముగా సోమశిలకడ 78 టి.ఎం.సి.ల జలాశయము వెలసి, అనేక గ్రామములకు నీరందించినది. అయినను ఆ లోతునీరు వలలకును పడవలకును తగినది. వెదురుగెడ పట్టినవాడు కాలువ మలుపులను, పాత చెఱువుల తూములనే వెదకుకొనును.