శుక్లపటల క్రాస్-లింకింగ్ చికిత్స - సహజ కటక భద్రత: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొరను తెలుగులో 'శుక్లపటలం' అంటారు. లోపలి కటకం మసకబారే వ్యాధిని 'శుక్లం' అంటారు. పదమూలం ఒకటే అయినా ఇవి వేర్వేరు భాగాలకు చెందినవి. శుక్లపటలానికి చేసే చికిత్స శుక్లానికి దారితీస్తుందా అన్న ప్రశ్న కార్నియల్ క్రాస్-లింకింగ్ చరిత్రలో తొలినుంచీ ఉంది. కెరటోకోనస్ సాధారణంగా కౌమారంలోనే మొదలవుతుంది. చికిత్స పొందే యువతకు సహజ కటకం ఇంకా అనేక దశాబ్దాలు పనిచేయవలసి ఉంటుంది. అందువల్లనే ఈ ప్రశ్నకు ఇంత ప్రాధాన్యం ఏర్పడింది.

1. చికిత్స ఆవిర్భావం:
శుక్లపటలం పలుచబడి శంకువు ఆకారంలో ముందుకు పొడుచుకువచ్చే ఈ వ్యాధిని 1854లో బ్రిటిష్ వైద్యుడు జాన్ నాటింగ్‌హామ్ వివరంగా వర్ణించాడు. తరువాత దాదాపు శతాబ్దిన్నర కాలం కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులు చూపును సరిదిద్దాయే గాని వ్యాధిని నిలువరించలేదు. ముదిరిన దశలో శుక్లపటల మార్పిడియే శరణ్యమైంది. 1990లలో జర్మనీలోని డ్రెస్డెన్‌లో థియో సైలర్, ఎబర్‌హార్డ్ స్పోర్ల్ తదితరులు కొత్త మార్గాన్ని రూపొందించారు. పై పొరను తొలగించి, 0.1% రైబోఫ్లావిన్ చుక్కలు వేసి, 370 నానోమీటర్ల అతినీలలోహిత-ఎ కాంతిని చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీవాట్ల తీవ్రతతో 30 నిమిషాలు ప్రసరింపజేయడం ఈ విధానం. దీనివల్ల కొల్లాజెన్ తంతువుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి శుక్లపటలం దృఢమవుతుంది.

2. కటకానికి సంబంధించిన సందేహం:
వయసుతోపాటు కటకంలోని ప్రొటీన్ల మధ్య బంధాలు పెరగడం శుక్లానికి దారితీసే మార్పులలో ఒకటి. అంటే శుక్లపటలంలో వైద్యుడు కోరి కల్పించే మార్పు కటకంలో వ్యాధి అవుతుంది. పైగా కటకం అతినీలలోహిత-ఎ కాంతిని శోషించుకుంటుంది. కనుక సందేహం సహేతుకమైనదే.

దీనికి సమాధానం రైబోఫ్లావిన్ ద్విపాత్రలో ఉంది. అది బంధాలను ఏర్పరిచే రసాయనిక చర్యను ప్రేరేపిస్తుంది. అదే సమయంలో కాంతిని శోషించి లోపలి భాగాలకు కవచమవుతుంది. శుక్లపటల మందం 400 మైక్రాన్లు ఉన్నప్పుడు దాని లోపలి అంచును చేరే కాంతి తీవ్రత సుమారు 0.18 మిల్లీవాట్లు మాత్రమే. శుక్లపటలపు లోపలి కణాలకు హాని కలిగించే స్థాయి సుమారు 0.35. 400 మైక్రాన్ల నియమం ఆ కణాల రక్షణకు ఏర్పడినదే అయినా, వాటి వెనుక ఉన్న కటకానికీ రక్షణ కల్పిస్తుంది.

3. ఆధారాలు:
వోలెన్‌సాక్, స్పోర్ల్, సైలర్‌లు 2003లో 22 మంది రోగుల 23 కళ్ల ఫలితాలను ప్రకటించారు. అన్నిటిలోనూ వ్యాధి పురోగతి ఆగింది. కటక పారదర్శకతలో మార్పు కనిపించలేదు. 2009లో చండీగఢ్ వైద్యులు ఏడాదిపాటు కటక సాంద్రతను యంత్రంతో కొలిచి, గణనీయమైన మార్పు లేదని నిర్ధారించారు. కంటితో చూసి చెప్పిన విషయానికి ఈ విధంగా కొలత తోడైంది. 2016లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఈ చికిత్సను ఆమోదించింది.

ముగింపు:
నిర్ణీత మందం, మోతాదు, రైబోఫ్లావిన్ వ్యాప్తి అనే మూడు నియమాలు పాటించినప్పుడు కటకానికి హాని జరగలేదని పై అధ్యయనాలు తెలుపుతున్నాయి. కాబట్టి 'ఈ చికిత్స కటకానికి సురక్షితం' అన్న వాక్యాన్ని ఈ నియమాలతో కలిపే చదవాలి. శుక్లపటలం, శుక్లం అన్న మాటల భేదాన్ని రోగికి స్పష్టంగా చెప్పడం కూడా వైద్యంలో భాగమే.